జయస్తంభము – గ్రంథాలయము

  

ఎవరి స్మృతికై ఏటేటా ఈ ఉపన్యాసము జరుగుచున్నదో, ఆ మహనీయుని మీరందరును పెద్దపంతులుగారనియే ఎరుగుదురు. వారి అసలు పేరును ఈ వేదికమీద నేను ఉచ్చరింపకుండుట మరపుచేత గాదు, వారి ఆజ్ఞచేతనే. పింఛనులో మిగిల్చిన పైకమును ఈ ఉపన్యాసపు ధర్మనిధికి ఒప్పగించుచు వారు పెట్టిన నియమములు రెండు: ఉపన్యాసము చదువురాని రైతునకు సైతము అర్థము కావలెను, తన పేరు రాతిమీదగాని కాగితముమీదగాని ఎక్కరాదు. మొదటి నియమమును నేనెంతవరకు పాటింపగలనో చెప్పలేను. నా భాష పాతబడిలో నేర్చినది, దీర్ఘవాక్యములకు అలవాటుపడినది, మన్నింపుడు. రెండవ నియమమే నాకు నేటి విషయమును ప్రసాదించినది. పేరు నిలుపుకొనుటకై రాజులు పడిన పాట్లను బ్రతుకంతయు పాఠముగా చెప్పిన చరిత్రోపాధ్యాయుడు తన పేరును మాత్రమేల తుడిచివేసికొనెనని ఆలోచింపగా ఆలోచింపగా నాకు తోచిన సమాధానమే ఈ ప్రసంగము.

వారి బోధనపద్ధతిని మీలో వయసు మళ్లినవారు మరచియుండరు. ఏడాదికొకసారి, సంక్రాంతి సెలవులు కాగానే, తరగతిలోని పిల్లలనందరిని మన గుండ్లపోచంపల్లి స్టేషనులో ప్యాసింజరు బండి నెక్కించి, సికింద్రాబాదులో దింపి, అక్కడినుండి సిటీబస్సులో గోలకొండకు తీసికొనిపోవుచుండిరి. ఇంటినుండి మూటగట్టుకొని వచ్చిన జొన్నరొట్టెను మధ్యాహ్నము కోటగోడ నీడను కూర్చుండి తినవలెను. తిరుగుబండిలో ప్రతి పిల్లవాడును ఒక ప్రశ్న అడుగవలెను. జవాబు చెప్పినవానికంటె మంచి ప్రశ్న అడిగినవానికే వారి మెప్పు దక్కుచుండెను. ఆ బండిలో మూడుమార్లు ప్రయాణము చేసినవాడను నేను. పిమ్మట నా ఉద్యోగము నన్ను నెల్లూరినుండి విశాఖపట్టణము వరకును, హంపినుండి పూరీ వరకును త్రిప్పినది. ఎక్కడికి పోయినను పంతులుగారి ప్రశ్న యొకటి నా చేతిసంచిలోనే ఉండెను. విజేతను జాతి ఎట్లు జ్ఞాపకముంచుకొనును? దీనిని ఆరు మెట్లుగా మీ ముందుంచెదను.

1. తలుపుమీద ఉన్నది ఎవని పేరు?

గోలకొండకోటకు ఆగ్నేయదిశను ఫతే దర్వాజా కలదు. ఏనుగులు నెత్తితో కుమ్మి పగులగొట్టకుండుటకై ఆ తలుపుల నిండ బిగించిన ఇనుపమేకులు నేటికిని నిక్కపొడుచుకొని యుండగా, వాని ప్రక్కనుండియే ఆటోలు, మోటారుసైకిళ్లు దూసికొనిపోవుచుండును. పంతులుగారు మమ్ములనచ్చట వరుసగా నిలిపి, తలా ఒక మేకును తాకించి, 'ఫతే అంటే ఏందిరా?' అని యడిగిరి. ఉర్దూ మాట తెలియని పిల్లవాడు మన పక్క లేడు గనుక, 'గెలుపు సారూ' అని ఒక్కుమ్మడి అరచితిమి. 'ఎవని గెలుపు?' అని వారు మరల నడుగగా ఒక్కనికిని నోరు పెగలలేదు. 'పోనీ, ఓడినోడెవడో చెప్పుండ్రి' అనిరి. 'తానీషా!' అని ఇరువది గొంతులు ఏకమై పలికినవి. పంతులుగారు చిన్నగా నవ్వి, మరేమియు చెప్పక, ముందుకు నడచిరి.

వారు చెప్పక విడిచిన సంగతి ఇది. 1687వ సంవత్సరారంభమున ఔరంగజేబు పాదుషా గోలకొండను ముట్టడించి, సొరంగములు త్రవ్వించి మందుగుండు దట్టింపగా అది తన సేనమీదనే తిరుగబడి, వానలకు దండు తడిసి, తిండికి కటకటపడి, ఎనిమిది నెలలు గడచిన పిమ్మట, సెప్టెంబరులో ఒక రాత్రి అబ్దుల్లాఖాన్ పన్నీ అను లోపలివాడే లంచము తిని తలుపు తెరచుటచేత కోటను చేజిక్కించుకొనెను. అబ్దుర్ రజాక్ లారీ అను సరదారు ఒడలెల్ల గాయములై పడిపోవువరకు పోరాడెను. గోలకొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా దౌలతాబాదు కోటలో బందీగా కడతేరెను. గెలిచినసేన చొచ్చిన వాకిలి ఫతే దర్వాజా అయినది. ఆ సేన విడిసినదని చెప్పుకొను బయలు ఫతే మైదానమయినది, అచ్చట నేడు లాల్ బహదూర్ స్టేడియము కలదు. ఒక మహాసామ్రాజ్యాధిపతి దక్కనులో తన జీవితపు చివరి పాతికయేండ్లు ధారపోసి గెలిచిన గెలుపునకు హైదరాబాదు నగరమున మిగిలిన జ్ఞాపకము ఒక తలుపును, ఒక ఆటస్థలమును. ఆ రెంటిమీదను గెలుపు పేరున్నదే గాని గెలిచినవాని పేరు లేదు.

ఓడినవాని పేరు పిల్లల నోట ఎట్లు నిలిచినది? కంచెర్ల గోపన్న పాల్వంచ పరగణా సర్కారు పైకముతో భద్రాచలమున గుడి కట్టించి గోలకొండ చెరసాలకు పాలగుటయు, రామలక్ష్మణులు బంట్ల వేషమున వచ్చి తానీషాకు ఆ సొమ్ము చెల్లించిరనుటయు, భజనలో తాళము పట్టిన ప్రతివానికిని తెలిసిన కథయే. అందు గోపన్నను చెరలో వేయించినవాడును తానీషాయే, రామదర్శనము పొందినవాడును తానీషాయే. జనము ఆ తప్పును దాచలేదు, ఆ భాగ్యమును కాదనలేదు. శ్రీరామనవమినాడు ప్రభుత్వపక్షమున భద్రాద్రికి ముత్యాల తలంబ్రాలు పోవు సంప్రదాయమునకు మూలపురుషునిగా నేటికిని ఆయననే చెప్పుకొందురు. ఇందు మతమునకు పనిలేదని గమనింపుడు. కోటను గెలిచినవాడును, ఓడినవాడును ఇరువురును ముసల్మానులే. జనుల భజనలో, జనుల భాషలో ఒకనికి చోటు దొరకినది, మరియొకనికి దొరకలేదు. గెలుపు తనంతట తాను జ్ఞాపకము కాజాలదన్నది నా మొదటి మెట్టు.

2. గుఱ్ఱముమీది విగ్రహము, చేతులు జోడించిన విగ్రహము

లోకమున ఇతర జాతులు తమ విజేతలను ఎట్లు నిలుపుకొనుచున్నవో ఒక్కింత చూతము. ఉజ్బెకిస్తాను రాజధాని తాష్కెంటులో, సోవియట్ దినములలో మార్క్సు విగ్రహమున్న కూడలియందే, 1993లో గుఱ్ఱమెక్కిన తైమూరు విగ్రహమును నిలిపిరి. 1398లో ఢిల్లీని నెత్తుట ముంచినవాడని మన పిల్లలు చదువు తైమూరే అచ్చటి పిల్లలకు తమ జాతిని నిలిపిన మహాపురుషుడు. మంగోలియాలో, ఉలాన్‌బాతరుకు తూర్పున, విశాలమైన పచ్చికబయలులో, 2008లో 40 మీటర్ల యెత్తున ఉక్కు తొడిగిన చెంఘిజ్ ఖాను విగ్రహము వెలసినది. చూడవచ్చినవారు లోపలి మెట్లదారిని గుఱ్ఱపు తలమీదికెక్కి ఆ బయలును కలయజూతురట. సోవియట్ల నీడలో చాలకాలము ఆ దేశమున ఆయనను పొగడుట అపరాధముగా నుండెను. నోరు నొక్కిన పేరు తిరిగి లేచునప్పుడు మామూలు పరిమాణమున లేవదు.

ఇప్పుడు మీరు తిరుమలకు పోయిన దినమును జ్ఞాపకము చేసికొనుడు. మహాద్వారము దాటి, క్యూలో వెనుకవారి తోపులాటకు లోపలికి కొట్టుకొనిపోవుచుండగా, కుడిప్రక్క మండపమున ముగ్గురు నిలువెత్తు లోహప్రతిమలై నిలిచియుందురు. మధ్యను శ్రీకృష్ణదేవరాయలు, ఇరుప్రక్కల తిరుమలదేవి, చిన్నాదేవి. వారి పేర్లు భుజములమీద చెక్కియున్నవి. నూటికి తొంబదిమంది వానిని చూడకయే సాగిపోవుదురు. నేనును రెండుమార్లు అట్లే పోయితిని. మూడవమారు ఒక క్షణము నిలువ వీలుచిక్కగా చూచితిని: ఉదయగిరిని, కొండవీటిని, కటకమువారి దుర్గములనెన్నింటినో గెలిచినవాని రెండు చేతులును జోడించియున్నవి. కత్తి లేదు, గుఱ్ఱము లేదు. తన గుర్తుగా తానే ప్రతిష్ఠింపించుకొనిన రూపమది.

ఆ రాజును కంటితో చూచి వ్రాసిపెట్టిన ప్రయాణికుడు డొమింగో పాయెస్ అను పోర్చుగీసువాడు. 1520 ప్రాంతమున విజయనగరమును దర్శించిన యతడు, రాయలు నడితరపు పొడవువాడనియు, చక్కని మేనిఛాయగలవాడనియు, సన్నదనముకంటె లావునకే దగ్గరివాడనియు, ప్రతిదినము తెల్లవారకమునుపే నువ్వులనూనె త్రాగి, ఒడలికి నూనె పట్టించుకొని, బరువులెత్తి, కత్తి త్రిప్పి, త్రాగిన నూనెయంతయు చెమటయై వెడలువరకు సాముచేసి, కుస్తీ పట్టి, పిమ్మట గుఱ్ఱమెక్కి బయలున తిరుగుననియు వ్రాసెను. మొగమున మశూచి మచ్చలు కలవనియు వ్రాసెను. మన కావ్యములలోని రాయల మొగమున ఆ మచ్చలు కానరావు. (ఒక్కమాట: మశూచిని మనవారు 'అమ్మవారు పోసినది' అందురు గదా! అనగా ఉదయగిరి విజేత మొగమున మన పోచమ్మతల్లి సంతకము ఉండెనన్నమాట. ఆ తల్లిని గెలిచిన రాజు లేడు.) దారిన పోవు ప్రయాణికుడు ఎదుటనున్న మొగమును చూచును, జాతి తనకు పనికివచ్చు మొగమును చేసికొనును. ఈ రెంటి నడుమనున్న దూరమునే చరిత్ర చదువువాడు కొలువవలసియుండును. ఇది రెండవ మెట్టు.

3. తిరిగి యిచ్చిన నేల

రాయలు 1509లో పట్టమునకు వచ్చెను. కటకమునేలు గజపతులమీద దండెత్తి, ఏడాదిన్నర ముట్టడించి 1514లో ఉదయగిరిని, 1515లో కొండవీటిని పట్టుకొనెను. ఉదయగిరినుండి బాలకృష్ణుని విగ్రహమును హంపికి కొనిపోయి గుడి కట్టించెను. ఉత్తరముగా నడచి, 1516లో సింహాచలమును దర్శించి, దేవేరులతో గూడ కానుకలు సమర్పించెను. 991 ముత్యముల కంఠమాలను స్వామికిచ్చినట్లు అచ్చటి శాసనము చెప్పుచున్నది. అంతకు రెండున్నర శతాబ్దముల మునుపు గాంగ నరసింహుడు కట్టించిన ఆ గుడి శత్రురాజ్యపు దేవళము. దానిని దోచుకొనుట ఆ కాలపు యుద్ధనీతికి వింతగాదు. ఈయన దండవేసి, దండము పెట్టి పోయెను. భీమునిపట్టణమునకు చేరువనున్న పొట్నూరులో జయస్తంభము నాటించెను.

ఇంతవరకు బడిపిల్లలందరికి తెలిసినదే. దీని తరువాతి సంగతిమీద మీరు ఒక నిమిషము నిలువవలెనని నా ప్రార్థన. సంధి కుదిరినది. గజపతి కుమార్తెను రాయలకిచ్చెను. రాయలు కృష్ణకు ఉత్తరముననున్న నేలను గజపతికి తిరిగి యిచ్చివేసెను. సింహాచలము కృష్ణకు ఉత్తరముననున్నది. పొట్నూరును అంతే. అనగా జయస్తంభము నాటిన నేలనే జయించినవాడు వదలుకొనెను. గెలుపునకు గుర్తుగా నిలిపిన రాయి, గెలుపు పోయిన నేలలో మిగిలినది.

ఇంకొక యూరును లెక్కింపుడు. దివిసీమకు పోవుదారిలో, ఘంటసాలకు దగ్గర, కృష్ణ యెడమగట్టున శ్రీకాకుళమను గ్రామమున్నది. ఉత్తరాంధ్రలోని పట్టణము వేరు. కళింగదండయాత్రలో బెజవాడ వచ్చి, ఏకాదశి ఉపవాసముండి, రాయలు ఆ యూరిలో ఆంధ్రవిష్ణువును సేవించి నిద్రింపగా, స్వామి కలలో సాక్షాత్కరించి గోదాదేవి పరిణయమును తెలుగున చెప్పుమని ఆనతిచ్చినట్లు రాయలు రచించిన ఆముక్తమాల్యదలోనే యున్నది. తెలుగును గూర్చి స్వామి పలికిన ఆ పలుకులు మీ అందరికిని కంఠస్థమే. గోడలమీద చదివి చదివి అరగదీసిన పద్యమును మరల నేను చదువను. ఆ శ్రీకాకుళము సైతము ఎడమగట్టుదే గనుక, సంధిచొప్పున తిరిగిపోయిన సీమలోనిదే. నేను ఆ గుడికి పోయిన సాయంకాలమున, అర్చకుడొక్కడు, దీపముముందు పుస్తకము పట్టుకొని కూర్చున్న బాలుడొకడు తప్ప మరెవ్వరును లేరు. మెట్లమీద కూర్చుండి ఈ లెక్క వేసికొంటిని: తుళువ వంశమువాడు, కన్నడసీమలో సింహాసనమున్నవాడు, తమిళదేశపు భక్తురాలి కథను, పరుల ఏలుబడినుండి తాను గెలిచి మరల విడిచిన నేలలో, తెలుగున చెప్పుటకు పూనుకొనెను. సీమ గజపతికి పోయినది. కావ్యము రాయలకు మిగిలినది.

విజేత గెలిచిన జనము చేత తాను ఎంతవరకు గెలువబడెనో అంతవరకే వారికి గుర్తుండునన్నది నా మూడవ మెట్టు. ఈ ప్రసంగమున గట్టివాక్యమేదైన నుండినచో ఇదియే.

4. మరపు, మరల జ్ఞాపకము

1565లో రాక్షసితంగడి యుద్ధముతో విజయనగరము పాడుపడినది. నగరము కూలిన జాతికి రాజు జ్ఞాపకముండుటకు కారణమేమి? మధురనాయకుల కాలమున తెలుగు వచనమున రాయల కథను చెప్పు రాయవాచకము పుట్టినది. అల్లసాని పెద్దనాదుల కావ్యములు చేతినుండి చేతికి తాటియాకులలో నడచినవి. ఇవి పండితుల దారి. పామరుల దారి వేరు. మీ యింటి పిల్లవానిని పిలిచి 'రాయలెవడురా?' అని అడుగుడు. కొండవీటి పేరు చెప్పడు. తెనాలి రామలింగని కథ చెప్పును. పిల్లికి వేడిపాలు పోసినవాడు, దొంగలచేత బావినీరు తోడించి చెట్లకు పట్టించినవాడు, సభలో రాజును నిరుత్తరుని చేసినవాడు. మహావిజేతను జనము తమ యింటికి తెచ్చుకొన్న విధమిది: వికటకవి చేతిలో ఓడించి తెచ్చుకొనిరి. ఓడి నవ్వగలిగిన రాజును ఇంటిలో పెట్టుకొనుటకు ఎవరికిని భయముండదు.

పాయెస్, నూనిజులను పోర్చుగీసువారి వ్రాతలు ఐరోపాలో చిరకాలము మూలబడియుండి, 1897లో డేవిడ్ లోపిస్ అచ్చువేయింపగా వెలుగు చూచినవి. రాబర్టు సూయెల్ వానిని ఇంగ్లీషులోనికి మార్చి, మరచిపోయిన సామ్రాజ్యమని పేరుపెట్టి, 1900లో ప్రకటించెను. ఆ మరుసటి యేడు, 1901 సెప్టెంబరు 1న, మన హైదరాబాదులో, రావిచెట్టు రంగారావుగారి గృహమున, కొమర్రాజు లక్ష్మణరావుగారు, మునగాల రాజా నాయని వెంకట రంగారావుగారు మొదలగువారి పూనికతో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. ఒకదానికి మరియొకటి కారణమని నేననను. నిజాము రాజ్యమున కచేరీ భాష ఉర్దూ. తెలుగుపత్రిక చదువవలెనన్న కోరికయే ఒక సాహసమైన దినములవి. అట్టి దినములలో ఆ మహాశయులు ఒక విజేత పేరును తెచ్చి కోటకు పెట్టలేదు, సేనకు పెట్టలేదు; నాలుగు బీరువాలకు, నలుగురు కూర్చుండి చదువుకొను బల్లకు పెట్టిరి.

1904లో హనుమకొండలో వెలసిన రెండవ గ్రంథాలయము పేరు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము. రాజరాజనరేంద్రుడు సవతితమ్ముడగు విజయాదిత్యునితో పోరాడి సింహాసనమును పోగొట్టుకొని, మరల పొంది, మరల పెనగులాడినవాడు. విజేతల పంక్తిలో ఆయనకు ముందువరుస పీట దొరకదు. కాని నన్నయభట్టుచేత భారతమును తెనిగింపజేసెను. మన పెద్దలకు అది చాలినది. గెలిచినవానిని, గెలువనివానిని ఒకే కొలతతో కొలిచిరి. ఆ కొలబద్ద గ్రంథము.

1986లో హుస్సేన్‌సాగరు కట్టమీద తెలుగు ప్రముఖుల విగ్రహములను వరుసగా నిలిపిరి. రాయలును అందున్నారు. 2011 మార్చి 10న తెలంగాణ ఉద్యమపు ఆగ్రహములో ఆ వరుసనుండి కొన్ని విగ్రహములు కూలి, పిమ్మట మరల లేచినవి. ఆ దినపు తప్పొప్పులు ఎంచుటకు నేనిచ్చటికి రాలేదు. కూడలిలోని విగ్రహము ఎదుట ఎవడైనను అనుకూలుడుగనో ప్రతికూలుడుగనో నిలువవలసివచ్చును. పుస్తకమును ఇరుపక్షములవారును ఇంటికి తీసికొనిపోవచ్చును. మా తాత తెలుగుచదువునకై పడిన కష్టమును నేనెరుగుదును గనుక, 1901 నాటి నిర్ణయమే నాకు పెద్దదిగా తోచును. ఇది నాలుగవ మెట్టు.

5. ఎదుటివారి కన్నుతో

ప్రయాణము మనిషికి చేయు ఉపకారమేమనగా, తన యూరి కథను పరాయివాని నోట వినిపించును. పూరీలో పటములమ్మువాని అంగడిలో ఒక పట్టచిత్రమును చూచితిని. తెల్లగుఱ్ఱముమీద బలభద్రుడు, నల్లగుఱ్ఱముమీద జగన్నాథుడు, ఎదుట పెరుగుకుండతో మాణిక యను గొల్లభామ. ఆ పెరుగు త్రావి, వెలకు బదులుగా ఉంగరమిచ్చి, దేవుళ్లిద్దరును పురుషోత్తమ గజపతికి తోడుగా కంచిమీదికి యుద్ధమునకు పోవుచున్నారు. 'మీరు దక్షిణమువారా? అయితే ఇందులో ఓడినది మీరే' అని అంగడివాడు నవ్వుచు వెల చెప్పెను. నేనును నవ్వి, బేరమాడక కొంటిని. మనము ఉదయగిరి గెలుపును పద్యములలో చెప్పుకొనునట్లే వారు కంచి గెలుపును పటములలో వ్రాసికొందురు. రాయల చేత ఓడిన ప్రతాపరుద్ర గజపతిని సైతము ఒడియావారు ఓటమితో తలచుకొనరు. చైతన్యమహాప్రభువు పాదములనాశ్రయించిన భక్తునిగా తలచుకొందురు. తూకపుత్రాసు అచ్చటను ఇదియే.

ఎదుటివారి కన్ను చేదునిజమును గూడ చూపును. కొండవీటిలో చిక్కిన గజపతి కుమారుని రాయలు కత్తిసాము చూపుమని, రాచపుట్టుక కానివానిని ఎదుట నిలుపగా, ఆ యవమానమునకోర్వక రాకుమారుడు ప్రాణము తీసికొనెనని నూనిజు వ్రాసెను. రాయల కొడుకు విషప్రయోగమున మరణించెనను అనుమానముతో, తన్ను పెంచి పట్టము కట్టించిన సాళువ తిమ్మరుసు కన్నులను రాయలు తీయించెననియు అతడే వ్రాసెను. మొదటి సంగతిని మన జనము మరచినది. అది పరుల కన్నీరు. రెండవదానిని మరువలేదు. 1962లో మహామంత్రి తిమ్మరుసు చలనచిత్రము వచ్చినప్పుడు, రామారావుగారు రాయలై తెరమీద వెలుగుచున్నను, జనము గుమ్మడిగారి తిమ్మరుసుకొరకే కండ్లు తుడుచుకొనిరి. వారిలో మా అమ్మయు ఒకతె. ఇష్టుడైన విజేత తప్పును కథలోనే దాచిపెట్టుకొని తరతరమునకు అందించుట జాతికి ఉండవలసిన ఆరోగ్యలక్షణము. అయితే కొండవీటి రాకుమారునికై గూడ ఒక కన్నీటిచుక్క మిగిలించుకొన్ననాడే ఆ యారోగ్యము పూర్తియగును.

ఇక మన యింటి ముంగిటి ఉదాహరణము. గోలకొండనేలిన ఇబ్రహీం కుతుబ్‌షా పట్టమునకు రాకమునుపు ఏడేండ్లు విజయనగరమున ఆశ్రయము పొందెను. 1565లో ఆ విజయనగరమును కూల్చిన సేనలతో కలసెను. ఈ లెక్కను ఆయన తెలుగువారికి శత్రువు కావలెను. కాని ఆయన తన సభలో తెలుగుకవులకు పీట వేసెను. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకే అంకితమిచ్చెను. ఆయన కొలువులోని అమీన్‌ఖానునకు పొన్నికంటి తెలగనార్యుడు అచ్చతెనుగు యయాతిచరిత్రమును అంకితమిచ్చెను. ఆ అమీన్‌ఖాను పటాన్‌చెరువు మనకేమంత దూరము? తెలుగుకవుల నోట ఇబ్రహీము 'మల్కిభరాముడు' అయినాడు. పేరునే తమ నుడికారమున కరగించుకొనిరి. హుస్సేన్‌సాగరు ఆయన యేలుబడిలో కట్టిన చెరువు. విజయనగరమును కూల్చినవారిలో ఒకడు కట్టించిన గట్టుమీద విజయనగర చక్రవర్తి విగ్రహము నిలిచియున్నదని ఈసారి బస్సులో పోవునప్పుడు జ్ఞాపకము చేసికొనుడు. ఔరంగజేబునకు దొరకనిది, మల్కిభరామునికి దొరకినది ఏమో ఇప్పుడు వేరుగా చెప్పనక్కరలేదు. ఇది ఐదవ మెట్టు.

6. మన యూరికి చెందిన మాట

చివరి మెట్టు చిన్నది. మన యూరి పేరున రాజెవ్వడును లేడు, గుండ్లున్నవి, పోచమ్మయున్నది. గుండ్లను యంత్రములు పగులగొట్టుచున్నవి, పొలములు ప్లాట్లయినవి, నగరము మన గడపవరకు వచ్చినది. ఇదియు ఒక జైత్రయాత్రయే, సేన మాత్రము కనబడదు. కొత్త కాలనీలకు, కూడళ్లకు ఎవని పేరు పెట్టవలెనని పెద్దలు నన్ను అడిగినారు. నాకు తోచినది విన్నవించెదను: పేరు పెట్టుటకు తొందర వలదు. ముందు ఒక గది వేయుడు, అందు నాలుగు బీరువాలు పెట్టుడు, సాయంకాలము దీపముండునట్లు చూడుడు. అచ్చట చదివి పెద్దవారైన పిల్లలు, ఎవని పేరు జ్ఞాపకముంచుకొనదగినదో తామే నిర్ణయింతురు.

పంతులుగారు తన పేరును ఎందుకు వలదనిరో ఇప్పుడు నాకు తెలిసినట్లే తోచుచున్నది. గెలుపు తలుపునకు తగిలించిన పేరువంటిది తనకక్కరలేదని వారెరుగుదురు. ఈ సభలో తలలు నెరసిన శిష్యులు ఎందరున్నారో అన్ని చోట్ల వారు చెక్కియే యున్నారు.

నిధి కార్యదర్శిగారికి నాదొక మనవి. నేటి ఉపన్యాసమునకై నాకీయదలచిన పారితోషికమును నాకీయవలదు. దానితో ఈ సంక్రాంతి సెలవులు కాగానే పిల్లలను మరల మన స్టేషనులో బండి యెక్కింపుడు. ఫతే దర్వాజాకడ మేకులను తాకించి పంతులుగారి ప్రశ్న అడుగుడు. తిరుగుదారిలో సుల్తాన్‌బజారులో దింపి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును చూపింపుడు. చెప్పులు బయట విడిచి, ఒక్కొక్కరు ఒక్కొక్క పుస్తకము తెరచి, ఒక్క పుటయైన చదివి రావలెను. బండిలో ప్రశ్నలు వారే అడుగుదురు.